లంకమల పాదాన పక్షులు

పక్షులను చూడబోయేవారు సాధారణంగా రెండు తావులను తలచుకుంటారు. ఒకటి నీరు: కొల్లేరు, పులికాటు, నేలపట్టు. రెండవది దట్టమైన అడవి. ఈ రెండింటికీ చెందని మూడవ తావు ఒకటి ఉన్నది. కొండ మెల్లగా దిగివచ్చి, చెట్లు పొట్టివై, పొదలుగా విడివడి, చివరకు గడ్డి బయలులో కలిసిపోయే చోటు అది. దానికి కవులు పేరు పెట్టలేదు. రెవెన్యూ దస్త్రాలలో మాత్రం బంజరని, పోరంబోకని పేర్లున్నవి. బస్సులో పోయేవారు దాన్ని చూసి ముళ్ళ తుప్పలని ముఖం త్రిప్పుకుంటారు. మన దేశంలో అత్యంత దుర్లభమైన పక్షులలో ఒకటి అటువంటి ముళ్ళ తుప్పల నడుమనే, కడప జిల్లాలో, పెన్నానది ఒడ్డున బ్రతుకుతున్నది. ఈనాటి ప్రసంగం ఆ తావును గురించి, ఆ పక్షిని గురించి.

చెదురుమదురుగా చెట్లున్న గడ్డిమైదానాన్ని భూగోళ శాస్త్రజ్ఞులు సవన్నా అంటారు. ఆ మాట వినగానే మనకు ఆఫ్రికా, అక్కడి సింహాలు, జిరాఫీలు గుర్తుకు వస్తవి. కాని నల్లమలకు పడమట నందికొట్కూరు ప్రాంతపు బయళ్ళు, అనంతపురం మెట్ట భూములు, పెన్నా లోయలోని పచ్చిక పట్టులు కూడా ఆ కోవకు చెందినవే. వాటికి అంచు కట్టినట్లు తూర్పు కనుమలు నిలిచి ఉన్నవి. సిద్ధవటం దగ్గర పెన్న ఆ కొండలను చీల్చుకొని తూర్పుకు సాగుతుంది. నదికి ఉత్తరాన లంకమల, దక్షిణాన పాలకొండలు. ఎర్రచందనం లోకంలో సహజంగా పెరిగేది ముఖ్యంగా ఈ చుట్టుపట్ల కొండలలోనే. దాని తోడు బిల్లు, చిరుమాను, సుండ్ర. కొండపాదానికి దిగేసరికి ఈ మహావృక్షాలు వెనుకబడి రేగు, బలుసు, తంగేడు, కలివి ముందుకు వస్తవి.

ఈ ప్రాంతంలో పక్షులను చూడదలచినవారు కొండను మెట్లుమెట్లుగా చదువుకోవలె. పైన రాతిచరియలలో పసుపు గొంతుగల పిగిలిపిట్ట ఉంటుంది. దక్షిణ భారతపు రాతికొండలలో తప్ప లోకంలో మరెక్కడా అది లేదు. బండల సందుల్లో జిట్టకోళ్ళు జంటలుగా పరుగెత్తుతవి. మనిషి అలికిడి వింటే ఎగరడానికంటె పరుగుకే మొగ్గుతవి. వాలులోని ఆకురాల్చు అడవిలో తోకపిగిలి తెల్లని రిబ్బను వంటి తోకను విసురుతూ తిరుగుతుంది. దాని దిగువ నీడగల వాగు ఒడ్డున, ఆకులు తిరగవేస్తూ, పొన్నంగి పిట్ట. ఆకుపచ్చని వీపు, కడుపు మీద ఎర్రని మచ్చ, కంటి మీదుగా నల్లని పట్టీ గల ఈ పక్షి ఉత్తరాన, మధ్య భారతంలో గ్రుడ్లు పెట్టి, చలికాలానికి దక్షిణానికి వస్తుంది. దాని శాస్త్రనామం విషయం తెలుగువారు గర్వించదగినది. ప్రపంచ పక్షిశాస్త్రం ఆ జాతికంతటికీ పెట్టిన పేరు ‘పిట్టా’. అది మన ‘పిట్ట’యే. మనం చిన్న పక్షులన్నిటికీ వాడుకునే సామాన్య పదం లాటిన్ గ్రంథాలలో ఒక్క కుటుంబానికి ముద్రపడిపోయింది.

ఇంకా దిగితే పొదల పట్టు. కౌజులు, పూరేళ్ళు, గువ్వలు, నెమళ్ళు ఇక్కడివి. అక్కడినుండి బయలు. బయలులో భరతపక్షులు నిట్టనిలువుగా ఎగిరి పాడుతవి. చలికాలంలో ఉత్తర దేశాల డేగలు గడ్డికొసలను రాస్తూ తిరుగుతవి. బట్టమేకపిట్ట ఒకప్పుడు ఈ బయళ్ళకు రాజు. దానికోసం కర్నూలు వైపున రోళ్ళపాడులో 1988లో అభయారణ్యం ఏర్పరచినారు. నేడు అక్కడ దానిని చూడడం గగనమైపోయింది. బయలు పోతే బయలు పక్షి పోవడంలో వింత లేదు. కాని కొండకూ బయలుకూ నడుమనున్న పొదల పట్టు పోతున్నదని గుర్తించేవారు చాలా తక్కువ. ఎందుకంటే అది అడవిగానూ లెక్కకు రాదు, పొలంగానూ లెక్కకు రాదు.

మన కథానాయకుడు ఆ నడిమి పట్టువాడే. కలివికోడి అని పేరు. కలివిపండ్లు తిననివారు రాయలసీమ పల్లెలలో అరుదు. ఆ కలివిపొదల మధ్య తిరిగేది కాబట్టి ఆ పేరు వచ్చినదనుకోవడం సబబు. ఆంగ్లంలో దానిని జెర్డన్స్ కోర్సర్ అంటారు. కోర్సర్ అంటే పరుగెత్తేది. ఈ కుటుంబంలోనే మరొక పక్షి, ఇండియన్ కోర్సర్, పట్టపగలు బట్టబయలు నేలమీద పరుగులు తీస్తూ కనబడుతుంది. కలివికోడి దానికి పూర్తిగా వ్యతిరేకం. అది బయలులోకి రాదు, పగలు బయటపడదు. పొడవు సుమారు 27 సెంటీమీటర్లు, అంటే గువ్వకంటె కొంచెం పెద్దది. గోధుమరంగు ఒళ్ళు, తెల్లని కనుబొమ, చీకటికి తగిన పెద్ద కన్నులు, గొంతు మీద ఇటుకరంగు మచ్చ, రొమ్ము మీద రెండు పట్టీలు. ఆ రెండు పట్టీలను బట్టియే శాస్త్రజ్ఞులు దానికి ‘రెండు కంఠహారాలు గలది’ అనే అర్థంవచ్చే లాటిన్ పేరు పెట్టినారు.

థామస్ కావర్‌హిల్ జెర్డన్ మద్రాసు సైన్యంలో వైద్యుడు. నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేశాడు. రోగులకు మందులిస్తూనే పక్షులను, పాములను, చీమలను సేకరించాడు. ఆయనకు దొరికిన ఈ పక్షిని 1848లో బ్లైత్ అనే శాస్త్రజ్ఞుడు లోకానికి వర్ణించాడు. జెర్డన్ పనిలో నాకు మిక్కిలి మెచ్చదగినదిగా తోచేది మరొకటి ఉన్నది. ఆయన పక్షి వెంట దాని తెలుగు పేరును కూడా అడిగి వ్రాసుకున్నాడు. ఈ పక్షికి ఆయన ఇచ్చిన పేరు ‘అడవి ఉత తిత్తి’. మన తీతువు మాటకు అది చుట్టమే కావచ్చును. ఆ పేరు చెప్పినవాడు ఎవడో వేటగాడో, పశువుల కాపరో. అంటే శాస్త్రానికి కొత్తదైన ఆ పక్షి ఊరివారికి పాతదే.

ఆ తరువాత 50 ఏళ్ళలో పక్షి అక్కడక్కడ కనబడింది. గోదావరి ప్రాంతంలో భద్రాచలం, సిరొంచల వైపున బ్లాన్‌ఫర్డ్ చూశాడు. 1900లో అనంతపురం వైపున కాంప్‌బెల్ చూశాడు. అంతటితో ఆ పక్షి పుస్తకాలలోనుండి మాయమైపోయింది. తూర్పు కనుమలను పరిశోధించిన వెర్నే సర్వేవారు వెదికినారు. తరువాత సలీం అలీ, డిల్లన్ రిప్లే వంటివారు వెదికినారు. దొరకలేదు. అంతరించిన పక్షుల పట్టీలో దాని పేరు చేర్చవలసినదే అన్నవారు ఉన్నారు.

వెదికినవారి సమర్థతలో లోపమేమీ లేదు. వారు వెదికిన వేళయే వేరు. పక్షులను చూచేవారు తెల్లవారుజామున బయలుదేరి, ఎండ ముదిరేసరికి ఇంటికి చేరతారు. సాయంత్రం మళ్ళీ వెళ్ళినా దీపాలవేళకు తిరిగి వస్తారు. కలివికోడి ఆ దీపాలవేళ తరువాతనే పొదలోనుండి అడుగు బయట పెడుతుంది. పగటివేళ ఎంతటి నిపుణుడు దుర్భిణితో గాలించినా దొరికేది కౌజులూ గువ్వలే.

1980 దశకం నడుమ బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవారు మళ్ళీ వెదుకులాట ఆరంభించినారు. ఆ పనికి వచ్చిన భరత్ భూషణ్ పుస్తకాలను పక్కనపెట్టి పల్లెలు తిరిగినారు. పక్షి బొమ్మ చూపి, ఇది మీకు తెలుసునా అని అడిగినారు. తెలుసునన్నవారు దొరికినారు. 1986 జనవరిలో సిద్ధవటం ప్రాంతంలోని రెడ్డిపల్లె దగ్గర, ఒక స్థానిక వేటగాడు రాత్రిపూట దీపం వెలుతురులో కలివికోడిని పట్టి తెచ్చినాడు. 86 ఏళ్ళ తరువాత ఒక శాస్త్రజ్ఞుని చేతికి ఆ పక్షి వచ్చింది. ఆనాటికి సలీం అలీగారికి 89 ఏళ్ళు. తాను వెదికి పొందలేకపోయిన పక్షి బ్రతికే ఉన్నదన్న వార్తను ఆయన వినగలిగినారు.

తరువాత ప్రభుత్వం చురుకుగానే కదిలింది. 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. దాని వైశాల్యం సుమారు 464 చదరపు కిలోమీటర్లు. అదే సంవత్సరం తపాలాశాఖ ఈ పక్షి బొమ్మతో ఒక రూపాయి బిళ్ళ విడుదల చేసింది. అయితే బిళ్ళమీద బొమ్మ వేసినంత సులభం కాదు, పక్షి బ్రతుకును తెలుసుకోవడం. రాత్రిపూట, ముళ్ళపొదలలో, మనిషి అడుగు వినగానే కదలక నిలిచిపోయే పక్షిని పరిశీలించేది ఎట్లా?

దీనికి పరిశోధకులు కనిపెట్టిన ఉపాయాలు ఆసక్తికరమైనవి. పొదల మధ్యనున్న ఖాళీ నేలమీద మెత్తని మట్టిని జల్లెడపట్టి పట్టీలుగా పరిచినారు. రాత్రి ఆ మట్టిమీద నడిచిన ప్రతి ప్రాణి తన సంతకం పెట్టిపోతుంది. తెల్లవారి వెళ్ళి ఆ అడుగుజాడలను చదవవలె. కలివికోడికి మూడే వ్రేళ్ళు, మూడూ ముందుకే; వెనుకవ్రేలు లేదు. ఆ జాడను కౌజు జాడనుండి, తీతువు జాడనుండి వేరుచేయడానికి కొలతలు తీసినారు. దొంగను పట్టే పోలీసులకు, గొర్రెపోతే వెదికే కాపరికి ఈ విద్య కొత్తది కాదు. మట్టిపట్టీల పక్కన తమంతట తామే ఫోటో తీసే కెమెరాలను అమర్చినారు. పక్షి కాలు పట్టీలో పడగానే బొమ్మ పడుతుంది.

రెండవ ఉపాయం చెవి. కలివికోడి కూత రెండు స్వరాల జంట. ‘క్విక్-కూ, క్విక్-కూ’ అని వెంటవెంటనే పలుమార్లు కూస్తుంది. ఆ కూతకు ఒక నియమం ఉన్నది. సూర్యాస్తమయమైన 45 లేక 50 నిమిషాలకు మొదలుపెడుతుంది. కొన్ని నిమిషాలు మొదలు 20 నిమిషాల వరకు సాగి ఆగిపోతుంది. రోజు మొత్తంలో మనకు దొరికే సమయం అంతే. ఆ కొద్ది సమయంలో అక్కడ ఉన్నవాడికి పక్షి ఉన్నట్లు; తక్కిన 23 గంటలు తిరిగినవాడికి లేనట్లే.

ఆ వేళను ఒకసారి మనస్సులో ఊహించుకోండి. సూర్యుడు కొండవెనుక దిగుతాడు. కౌజులు చివరిసారి అరిచి ఊరుకుంటవి. మేకల మెడగంటలు ఊరివైపు దూరమవుతవి. తీతువు ఒకటి రెండు మార్లు హెచ్చరిస్తుంది. తరువాత నైట్‌జార్ పక్షి, గోలీ బండమీద పడి ఎగిరెగిరి ఆగినట్లు, టక్ టక్ మంటుంది. తరువాత కొంతసేపు ఏమీ లేదు. అలవాటులేనివారు ఇక్కడే విసుగుపుట్టి లేచిపోతారు. వినవలసినది ఆ నిశ్శబ్దం వెనుక ఉన్నది. రేడియో ముందు కూర్చొని, గరగరల మధ్యనుండి దూరపు స్టేషను పాటను ఏరుకొని వినే శ్రోతలకు ఈ ఓర్పు ఉన్నదనే నా నమ్మకం.

ఈ విధంగా జాడలను, కూతలను లెక్కవేసిన మీదట ఒక ముఖ్యమైన విషయం తేలింది. కలివికోడికి ఎటువంటి పొద కావలె, ఎంత పొద కావలె అన్నది. మనిషి ఎత్తుకు మించిన పెద్ద పొదలు హెక్టారుకు 300 నుండి 700 వరకు ఉన్నచోట, చిన్న పొదలు వేయికి లోపుగా ఉన్నచోట, అది ఎక్కువగా ఉంటుంది. పొదలు మరీ తక్కువైతే దాగడానికి చోటు లేదు. మరీ దట్టమైతే పరుగెత్తడానికి, నేలమీద పురుగులను ఏరుకోవడానికి చోటు లేదు. అది కోరేది పొదా ఖాళీ పొదా ఖాళీ అల్లిన చాప వంటి నేల.

ఆ చాపను అల్లుతున్నది ఎవరు? వాన కొంత, రాతినేల కొంత. తక్కినది మేకలు, పశువులు, కట్టెలు కొట్టుకునే ఊరి జనం. ఇక్కడే సమస్య చిక్కుముడి పడుతుంది. మందలు ఎక్కువై కొమ్మలన్నీ మేసివేస్తే పక్షి పోతుంది. సరే, అభయారణ్యం కదా అని మేకను, మనిషిని పూర్తిగా తరిమివేస్తే పొదలు కమ్ముకొని నేల మూసుకుపోవచ్చును. అప్పుడూ పక్షి పోతుంది. కంచె వేసి తాళం బిగించడమే రక్షణ అనేవారితో నేను ఏకీభవించలేను. కాపరి మేకను ఎక్కడ, ఏ కాలంలో, ఎంతవరకు మేపవచ్చునో అతనితోనే కూర్చొని నిర్ణయించుకోవలె. ఈ పక్షికి పేరు పెట్టినది ఆ కాపరుల తాతలే గదా.

మేకకంటె పెద్ద భయం నాగలి, దానికంటె పెద్దది యంత్రం. ఉపగ్రహాలు తీసిన చిత్రాలను పోల్చి చూస్తే 1991 నుండి 2000 వరకు, ఆ ఒక్క దశకంలోనే, అభయారణ్యం లోపలా చుట్టుపట్లా పొదల పట్టు 11 నుండి 15 శాతం దాకా తరిగిపోయిందని తేలింది. పొలాలు, తోటలు పెరిగినవి. 2005లో తెలుగుగంగ కాలువ త్రవ్వకం కలివికోడి ఉన్న నేలలోకే వచ్చిపడింది. పెద్ద యంత్రాలు కొన్ని దినాలలో కొంత పొదల పట్టును చదునుచేసినవి. పరిశోధకులు అది చూసి అధికారులకు తెలియజేసినారు, పని ఆగింది, విచారణలు జరిగి చివరకు కాలువ దారిని మార్చినారు. రాయలసీమ రైతుకు నీటివిలువ ఏమిటో నేను చెప్పనక్కరలేదు. కరువు చూసిన నేలమీద నిలబడి, పిట్టకోసం కాలువ వంకర తిప్పమనడం సులభమైన మాట కాదు. అయినా తిప్పగలిగినారు. నీరూ వచ్చే మార్గం దొరికింది, పొదలూ కొంత మిగిలినవి. ఇటువంటి పని మన దేశంలో తరచు జరగదు గనుక దానిని ప్రత్యేకంగా చెప్పుకోవలె.

ఈ పక్షిని గురించి నేటికీ శాస్త్రానికి తెలిసినది చాలా స్వల్పం. లోకంలో మిగిలినవి 250కి లోపే ఉండవచ్చునని ఒక అంచనా. దాని గ్రుడ్డు సంగతి మరీ చిత్రమైనది. స్కాట్లండులోని అబర్డీన్ విశ్వవిద్యాలయపు వస్తుప్రదర్శనశాలలో ఒక గ్రుడ్డు చాలాకాలం పడి ఉన్నది. కోలారు బంగారు గనుల ప్రాంతంలో పనిచేసిన పశువైద్యుడొకరు 1917లో సేకరించినది. 2013లో ఆ పెంకునుండి తీసిన జన్యుపదార్థాన్ని పరీక్షించి అది కలివికోడి గ్రుడ్డేనని తేల్చినారు. అంటే 1900 తరువాత అది ఎవరి కంటా పడలేదన్న మాట సరికాదు; 1917లో ఒక గ్రుడ్డు ఒకని చేతిలోనే ఉన్నది. పేరు మాత్రం చేరవలసిన చోటికి చేరడానికి దాదాపు ఒక శతాబ్దం పట్టింది.

1986 తరువాత కొన్నేళ్ళు వరుసగా వినబడిన కూత, పోనుపోను అరుదైపోయింది. పరిశోధకులు రాత్రులు కూర్చున్నారు, యంత్రాలు పెట్టినారు. ఏళ్ళకు ఏళ్ళు ఏ గట్టి ఆధారమూ దొరకలేదు. మళ్ళీ పోయిందా అన్న సందేహం బలపడింది. అటువంటి స్థితిలో 2025 ఆగస్టులో కొందరు పక్షి పరిశీలకులు కడప జిల్లాలో చీకటిపడిన తరువాత ఆ రెండు స్వరాల జంటను విన్నారు, శబ్దగ్రహణ యంత్రంలో పట్టినారు. పక్షిని దీపం వేసి వెదికిన వేటగాడి కాలం పోయి, చీకటిని చీకటిగానే ఉంచి చెవితో పట్టుకునే కాలం వచ్చింది.

లంకమల వైపు వెళ్ళదలచిన శ్రోతలకు రెండు మాటలు. అభయారణ్యంలోకి అటవీశాఖ అనుమతి లేనిదే పోరాదు. అందులోనూ రాత్రిపూట కలివికోడి కోసమని దీపాలు పట్టుకొని పొదలు తొక్కడం, రికార్డు చేసిన కూతను వినిపించి దానిని రెచ్చగొట్టడం పూర్తిగా మానుకోవలె. తన పొదలోకి మరొక పక్షి వచ్చిందనుకొని అది తిండి మాని తిరుగుతుంది. పగటివేళ చూడదగినవి ఎన్నో ఉన్నవి. మోదుగ పూసే ఫిబ్రవరి, మార్చి నెలలలో ఒక పూచిన చెట్టు దగ్గర, సూర్యుని వీపు వెనుక ఉంచుకొని, గంటసేపు కదలక కూర్చుంటే తేనెపిట్టలు, గోరువంకలు, పిగిళ్ళు వాటంతట అవే వస్తవి. తుప్పల పక్కగా నడిచేటప్పుడు మెత్తని అడుగుల చెప్పులు వేసుకోవలె. దుర్భిణి ఉంటే మంచిది, లేకున్నా ఫరవాలేదు. ఒక చిన్న పుస్తకం మాత్రం తప్పక ఉండవలె. చూసిన పక్షిని, చూసిన వేళను, అది ఉన్న పొద పేరును అందులో వ్రాసుకోండి. పొద పేరు తెలియకపోతే దారిన పోయే మేకల కాపరిని అడగండి. పక్షికి ఆయన చెప్పే పేరును కూడా, ఆయన పలికినది పలికినట్లు, పక్కనే వ్రాసి ఉంచండి.